అందరి నేల, ఎవరి ఋణం?

ఒక నేల అందరిదీ కావడం సాధ్యమేనా? ఊరి చెరువు అందరిది, గుడి ముంగిలి అందరిది అని మన పెద్దలు ఎరిగినదే. కాని ఒక దేశం తన భూమిలో నాలుగో వంతుకు పైగా, సుమారు 64 కోట్ల ఎకరాలను, ప్రజలందరి పేర ఉంచుకున్నప్పుడు ఆ మాటకు అర్థమేమిటని ఆగి ఆలోచించవలసి వస్తుంది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని జాతీయ ఉద్యానాలు, జాతీయ అరణ్యాలు, వన్యప్రాణి ఆశ్రయాలు, పడమటి ఎడారులు ఈ లెక్కలోనివే. చదువుకో, ఉద్యోగానికో ఆ దేశం వెళ్లిన మన పిల్లలు సెలవులలో వాటిని చూసి వచ్చి చెబుతుంటే విని మురిసిపోతాము. ఆ మురిపెం వెనుక ఒక ధర్మసందేహం దాగి ఉన్నది.

మొదట మంచినే చెప్పుకుందాము. 1872 మార్చి 1న ఎల్లోస్టోన్‌ను ఉద్యానంగా ప్రకటించి, ఆ నేలను ఎవరూ కొనరాదు, ఆక్రమించరాదు అని చట్టం చేశారు. ఇరవై రెండు లక్షల ఎకరాల ఆ సీమలో భూగర్భపు వేడికి నీరు ఉవ్వెత్తున చిమ్ముతుంది. మరిగే మడుగుల అంచులలో సూక్ష్మజీవులు పసుపు, నారింజ రంగుల వలయాలు తీరుస్తాయి. లమార్ లోయలో బైసన్ అనే అడవిదున్నలు మందలుగా మేస్తాయి. చూడవచ్చినవారు వాటికి 25 గజాల దూరంలోను, తోడేళ్లకు, ఎలుగుబంట్లకు 100 గజాల దూరంలోను ఉండాలని నియమం. ఈ నియమం మనకు కొత్త కాదు. గర్భాలయపు గడప ఇవతల నిలిచి చేతులు జోడించేవాడు స్వామిని తాకడు, తనవెంట తీసుకుపోడు. అయినా దర్శనమైనదని తృప్తిగా ఇంటికి వెళతాడు. సొంతం చేసుకోకుండా చూచి ఆనందించడం ఒక సంస్కారం. దానిని చట్టంగా నిలిపిన జాతిని మెచ్చుకోవలసినదే.

అయితే ఆ నేల అంతకుముందు ఎవరిదీ కాదా? ఎల్లోస్టోన్ కొండలలో షోషోనీ జాతికి చెందిన టుకుడికా జనులు కొండగొర్రెలను వేటాడి జీవించేవారు. ఉద్యానం ఏర్పడిన కొద్ది సంవత్సరాలకే వారిని వేరే నెలవులకు తరలించారు. ఆదివాసులు వేడినీటి బుగ్గలకు భయపడి అటువైపు రారనే కథ కూడా ప్రచారమైనది. కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో 1851లో సైనికదళం ప్రవేశించి అహ్వానీచీ ప్రజలను వెళ్లగొట్టింది. ఆ లోయలోని విశాలమైన పచ్చిక బయళ్లను చూసి మనిషి చేయి పడని ప్రకృతి అని యాత్రికులు పరవశించారు. నిజానికి సింధూర వృక్షాల కాయల కోసం, మేత కోసం ఏళ్లతరబడి చిన్న చిన్న మంటలు పెట్టి ఆ బయళ్లను కాపాడినవారు ఆ ఆదివాసులే. 1964 నాటి అరణ్య చట్టం మనిషిని అక్కడ ఉండిపోని అతిథిగా భావించింది. నగరం నుండి వచ్చినవానికి అది వినయం నేర్పే మాట. అక్కడే పుట్టి, అక్కడే పెద్దలను పూడ్చిపెట్టుకున్నవానికి అదే మాట ఇల్లు లేదని చెప్పడమవుతుంది.

ఈ తేడా దక్షిణాఫ్రికా తెలుగువారమైన మాకు తెలియనిది కాదు. 1860 నవంబరులో మద్రాసు నుండి ట్రూరో ఓడ డర్బన్ చేరిన నాటి నుండి మా పూర్వీకులు నాటాల్ చెరకు తోటలలో చెమటోడ్చారు. ఆ నేల వారిది కాదు. తోటదొరలకన్నా ముందు అది జూలూ ప్రజలది. తరువాత 1953 చట్టంతో సముద్రతీరాలూ ఉద్యానవనాలూ రంగును బట్టి పంచబడ్డాయి. ప్రజలందరికీ అన్న పలకలోని అందరిలో మేము లేము. అమెరికాలోనూ షెనండోవా ఉద్యానంలో 1939లో నల్లవారికి లూయిస్ మౌంటెన్ అనే చోటును వేరుగా తెరిచారు. అందరూ అనే మాట ఎవరి నోట వచ్చినా, అందులో ఎవరు లేరని అడగడం మాకు అలవాటైనది అందుకే.

అలాగైతే ఉద్యానాలే పాపమా? కాదు. కోట్లలో తిరిగిన బైసన్లు వేటకు బలియై, 1902 నాటికి ఎల్లోస్టోన్‌లో రెండు డజన్లకన్నా తక్కువే మిగిలాయి. ఆ కాస్త ఆశ్రయమూ లేకపోతే నేటి మందలు లేవు. అన్యాయం మీద లేచిన మేలు అబద్ధం కాదు, కాని అది ఋణం మోస్తున్న మేలు. పుట్టుకతోనే మనిషి ఋణగ్రస్తుడని మన సంప్రదాయం చెబుతుంది. తండ్రి చేసిన అప్పు కొడుకు తప్పు కాదు, అయినా ఇంటిని అనుభవించేవాడు అప్పును కాదనలేడు. మేము చేయలేదు గదా అని నేటి యాత్రికుడు అంటే, నిజమే. అయితే ఆ లోయ సౌందర్యాన్ని వారసత్వంగా అందుకున్నవాడు దాని బాకీని కూడా అందుకోవాలి.

బాకీ తీర్చడం కల్ల కాదు. ఎల్లోస్టోన్‌లో 1926 నాటికి తోడేళ్లను మట్టుబెట్టినవారే 1995, 1996లలో కెనడా నుండి 31 తోడేళ్లను తెచ్చి విడిచిపెట్టారు. మృగాలపట్ల చేయగలిగిన దిద్దుబాటు మనుషులపట్ల చేయలేరా? మోంటానాలో 1908లో ఆదివాసుల నెలవు నుండి విడదీసి బైసన్లకు ఆశ్రయంగా చేసిన స్థలాన్ని 2020 చట్టం సేలిష్, కూటెనై తెగలకే అప్పగించింది. బైసన్లు ఇప్పటికీ అక్కడే మేస్తున్నాయి. మా దేశంలోనే క్రూగర్ ఉద్యానం కోసం 1969లో తరలింపబడిన మకులెకే ప్రజలకు 1998లో నేల తిరిగివచ్చింది. వారు దానిని దున్నలేదు, అమ్మలేదు. అడవిగానే ఉంచి ఉద్యానంతో ఒప్పందం చేసుకున్నారు. హక్కు తిరిగిస్తే అడవి నశిస్తుందన్న భయం అక్కడ నిజం కాలేదు.

గుడి మాన్యానికి యజమాని దేవుడు, మనుషులు ధర్మకర్తలు మాత్రమే. ధర్మకర్త లెక్క చెప్పాలి: ఏమి వచ్చినది, ఎవరి వద్ద నుండి వచ్చినది, ఎవరికి చేరవలసినది. అందరి నేలకు కూడా ఇదే లెక్క. ఆ కొండలకు వెళ్లే మన పిల్లలకు మనం చెప్పవలసినది కొంచెమే. దూరంగా నిలిచి కన్నులారా చూడండి. తరువాత, ఇక్కడ ముందు ఎవరుండేవారు, వారిప్పుడు ఎక్కడున్నారు అని అడగండి. ఆ ప్రశ్న అడిగినందువల్ల చూచిన అందం తరగదు.