పౌడరు అబద్ధమా?

శ్రామిక స్త్రీ ముఖానికి పౌడరు రాసుకుంటే మన అభ్యుదయవాదుల్లో కొందరికి చిరాకు. వారి ఆక్షేపణలు రెండు. పౌడరు బూర్జువా విలాసమన్నది మొదటిది. ఉన్నదాన్ని కప్పి లేనిదాన్ని చూపుతుంది గనక అది అబద్ధమన్నది రెండోది. మొదటిదానికి జవాబు చెప్పటానికి ఎంతోసేపు పట్టదు. పౌడరు డబ్బా ఆదోని బజారులో దొరుకుతుంది. పత్తి తీసిన కూలితో దాన్ని కొంటారు. కూలివాడి బీడీకి లేని వర్గస్వభావం కూలిమనిషి పౌడరుకు ఎక్కణ్ణించి వచ్చిందో ఆక్షేపించేవారే చెప్పాలి. రెండోది అలా తోసిపుచ్చదగింది కాదు. అది నైతిక ప్రశ్న.

ప్రశ్నను గాలిలో చర్చించటం నాకిష్టం లేదు. పశ్చిమ కర్నూలులో, ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి వైపు, వాన ముఖం చాటేసిన ఏడు సుగ్గి తప్పదు. ఊళ్ళకు ఊళ్ళే ఇళ్ళకు తాళాలు వేసి, గుంటూరు సీమకు మిరపకాయలు కోయటానికి తరలిపోతాయి. చలికాలంలో వెళ్ళినవారు ఎండలు ముదిరాక తిరిగివస్తారు. మిరపకాయలో మంట పుట్టించే కాప్సైసిన్ అనే పదార్థం నీళ్ళలో సరిగా కరగదు. ఉత్త నీళ్ళతో చేతులు కడిగితే పోదు. అదే చేత్తో చెమట తుడుచుకుంటే ముఖం మండుతుంది, కందిపోతుంది. పైన ఎండ. నేను పాఠాలు చెప్పిన అమ్మాయి ఒకతె తల్లిదండ్రులతో సుగ్గికి వెళ్ళి, సరిగ్గా పరీక్షల ముందు తిరిగివచ్చింది. చెంపల మీద కందిన మచ్చలు, వాటిమీద మందంగా తెల్లటి పౌడరు. ఆమె వెళ్ళిపోయాక మా ఉపాధ్యాయుల గదిలో ఒకాయన "మట్టిగోడకు సున్నం కొట్టినట్టుంది" అన్నాడు. ఆయన అభ్యుదయ భావాలు గలవాడే. ఆ అమ్మాయి నాతో అన్నది వేరు: "మిరపకాయల కాడికి పోయింటివా అని అందురూ అడగతారు మేడం, ఎంతమందికని చెప్పాల?"

ఆ మాటలో ఒక తత్త్వవిచారమే ఉంది. 1797లో బెంజమిన్ కాన్‌స్టాంట్ అనే రచయిత, సత్యం తెలుసుకునే హక్కు ఉన్నవాడికే మనం సత్యం చెప్పవలసి ఉంటుందన్నాడు. అదే ఏడు జర్మన్ తత్త్వవేత్త కాంట్ అతన్ని ఖండించాడు. హంతకుడు వచ్చి నీ మిత్రుడు లోపలున్నాడా అని అడిగినా అబద్ధమాడరాదన్నాడు. కాన్‌స్టాంట్ ఆస్తిపరుల పక్షం మనిషి. అయినా ఈ విషయంలో కాంట్ కన్న నేలమీద నిలబడి మాట్లాడింది అతనే. ఆ అమ్మాయి చెంపలు ఎందుకు కందాయో తెలుసుకునే హక్కు పక్క బెంచీవారికి లేదు. మా గదిలో నవ్వినాయనకు అంతకన్నా లేదు. చెప్పకపోవటం అబద్ధం చెప్పటం కాదు. మనమంతా బట్టలు కట్టుకుంటూనే ఉన్నాం.

పైగా ఈ ఆక్షేపణ పౌడరును పట్టుకున్నంతగా పసుపును పట్టుకోదు. మన స్త్రీలు తరతరాలుగా ముఖానికి పసుపు రాసుకుంటున్నారు. అది సంప్రదాయం, పౌడరు మోసం! నాటకాలవారు అర్దళం పూసుకునేవారు. అది ఆర్సెనిక్ కలిసిన పచ్చటి ఖనిజం, పౌడరు కన్న ఎన్నోరెట్లు ప్రమాదం. ఎవడైనా నటుడయ్యాడంటే "మొహానికి రంగేసుకున్నాడు" అంటాం గాని, అబద్ధాలకోరయ్యాడనం. స్థానం నరసింహారావు జీవితమంతా స్త్రీవేషాలు వేశాడు. లోకం చప్పట్లు కొట్టింది, ప్రభుత్వం 1956లో పద్మశ్రీ ఇచ్చింది. నాటకం నాటకమని అందరికీ తెలుసు గదా అంటారు. పౌడరు పౌడరని ఎవరికి తెలియదు?

అయితే ఆ అమ్మాయి పౌడరు కుదరలేదన్నది నిజం. కారణం చెబుతాను. ఇలాంటి సంగతులు విమర్శవ్యాసంలో రాయదగినవేనా అని పెదవి విరిచేవారుంటారు. పని ఎలా జరుగుతుందో తెలియకుండా ఆ పనిమీద నీతి చెప్పటం నా దృష్టిలో అంతకన్నా తగనిది.

టాల్కం పౌడరుకు మూలం బలపం రాయి. మన పిల్లలు పలకమీద రాసిన బలపమూ, బుగ్గలకు రాసే పౌడరూ ఒక్క జాతి. ఆ రాయి పాత కర్నూలు జిల్లాలోని బేతంచెర్ల ప్రాంతంలో దొరుకుతుంది. (2022 నుంచి బేతంచెర్ల నంద్యాల జిల్లాలో ఉంది.) ఖనిజాలలో ఇంత మెత్తనిది మరొకటి లేదు. పొరలు పొరలుగా ఉండి, ఒక పొర మరో పొరమీద జారుతుంది. నున్నగా పరుచుకునే గుణం దానికి అందువల్లే వచ్చింది. కాని తడిమీదో, చెమటమీదో పడితే ముద్ద కడుతుంది. పొట్టు లేస్తున్న చర్మంమీద పడితే ఆ పొట్టునే ఎత్తిచూపుతుంది. అందుకని ముఖం చల్లటి నీళ్ళతో కడిగి, రుద్దకుండా అద్ది, తడి ఆరనిచ్చి, పొడిబారిన చోట కాస్త నూనెగాని వాసనలేని క్రీముగాని రాసి, అది ఇంకిందాకా ఆగాలి. ఆ తరవాత పౌడరు కొంచెమే తీసుకుని, ఎక్కువైంది దులిపేసి, మెత్తగా అద్దాలి. కందినచోట రుద్దితే రక్తం ఇంకా పైకి వస్తుంది. మెడను మరిచిపోతే ముఖం ముసుగు తగిలించినట్టుంటుంది. పుళ్ళు పడ్డచోట అసలు రాయకూడదు.

ఇక రంగు. ఎరుపును అణచేది ఆకుపచ్చ. పారిస్ గోబెలిన్ నేతశాలలో అద్దకం విభాగాన్ని నడిపిన షెవ్రోల్ అనే రసాయనవేత్త, పక్కపక్కన పెట్టిన రంగులు ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయో 1839లో ఒక పెద్ద గ్రంథమే రాశాడు. ఎమ్మిగనూరు మగ్గాలవారికి ఆ గ్రంథంతో పనిలేదు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టకముందునుంచీ, ఎర్ర పడుగులో ఆకుపచ్చ పేక పడితే ఎరుపు చస్తుందని నేతగాడి కంటికి తెలుసు. తెల్లవారి ముఖాలకు లేత ఆకుపచ్చ పూత పనిచేసేది అందువల్లే. మన చాయమీద కందిన చోటు ఎర్రగా కనపడదు, నల్లగానో వంగపండు రంగుగానో కనపడుతుంది. దానిమీద తెల్ల పౌడరు వేస్తే బూడిద తేలుతుంది. మనకు పచ్చచాయ పౌడరు నప్పుతుంది. పసుపు రాసుకున్న మన అవ్వలు ఈ సంగతి ఏ గ్రంథమూ చదవకుండానే ఎరుగుదురు. ఆ అమ్మాయి చేతిలో ఉన్నది తెల్లడబ్బా. బజారులో చవగ్గా దొరికేది అదే. మా ఉపాధ్యాయుడు నవ్వింది ఆమె అబద్ధానికి కాదు, ఆమె చాయను లెక్కపెట్టకుండా తయారైన సరుకును చూసి.

ఇంతవరకు చెప్పినదాన్నిబట్టి కప్పుకోవటం ఎల్లప్పుడూ ఒప్పే అనుకోకూడదు. ఆ ఎరుపు గురించి తెలుసుకునే హక్కు కొందరికి ఉంది. మొదట వైద్యుడికి. ఆపైన ఆమె పక్కన మిరపచేలో వంగి పనిచేసేవారికి. తొడుగులు లేకుండా, గాలి వీచే దిక్కు చూసుకునే వ్యవధి లేకుండా కోయించుకునే పనిలో ముఖం కందటం ఒక మనిషి సొంత సంగతి కాదు, అందరి కూలి ఒప్పందానికి సంబంధించిన సంగతి. మేస్త్రీతో మాట్లాడేచోట ఆ చెంపలు సాక్ష్యం. అక్కడ పౌడరు వేసుకుని కూచోవటం మేస్త్రీకి లాభం. పరీక్ష బల్ల దగ్గర ఆ ముఖం ఆమెది. బేరం దగ్గర అది పదిమందిది కూడాను. ఈ రెండుచోట్లనీ కలిపేసినవారే పౌడరును అబద్ధమంటారు, లేదా ఎప్పుడూ అది సొంత ఇష్టమంటారు.

మూడోచోటు పెళ్ళిచూపులు. ఇక్కడ సంగతి మరీ ముదిరింది. తెల్లబడాలని మందుల దుకాణంలో స్టెరాయిడ్ కలిసిన ట్యూబు కొంటారు. బీటామెథసోన్, క్లోబెటసాల్ అనేవి చర్మవ్యాధులకు వైద్యులు కొన్నాళ్ళపాటు ఇచ్చే మందులు. వాటిని నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పలచబడుతుంది, రక్తనాళాలు పైకి తేలుతాయి, పొక్కులు లేస్తాయి, ఎండ తగిలితే మండుతుంది. వైద్యుడి చీటీ లేకుండా ఇలాంటివి అమ్మరాదని కేంద్రప్రభుత్వం 2018లో నిబంధనలు బిగించింది. అయినా దుకాణంలో పేరు చెప్పి అడిగితే ఇచ్చేవారున్నారు. తెలుపుకోసం ఒక సరుకు, అది తెచ్చిన ఎరుపుకోసం మరో సరుకు. వ్యాపారి రెండువైపులా తూస్తాడు. వరుడి పక్షానికి ఆమె చర్మం గురించిన సత్యం తెలుసుకునే హక్కుందా అని నన్నడిగారు. తన అప్పులూ, తాగుడూ ముందు చెప్పుకున్న వరుణ్ణి చూపిస్తే ఆలోచిస్తానన్నాను.

ఆ ట్యూబు మానేసిన మొదటి రోజుల్లో ముఖం తగ్గకపోగా మరింత ఎర్రబడుతుంది. ఆ మంటకు తాళలేక మళ్ళీ ట్యూబు పట్టుకునేవారే ఎక్కువ. అందుకే వైద్యుడు చెప్పినట్టు క్రమంగా మాన్పించాలి. ముఖం కుదుటపడటానికి వారాలు పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు. ఆ నెలల్లోనూ ఆమె జిన్నింగు మిల్లుకో, కాలేజీకో, బస్సెక్కో పోవాలి. వైద్యుడు సరేనంటే, కాస్త పచ్చచాయ పౌడరు పలచగా అద్దుకుని పోతుంది.