రోగం రోగి నేరమా?

రోగిని పరామర్శించడం తోటి ముస్లింకు మనపై ఉన్న హక్కుల్లో ఒకటి. అయితే పరామర్శకు వెళ్ళినవారు మంచం పక్కన కూర్చుని తరచూ చేసేది విచారణ. ఏం తిన్నావు, ఎందుకు తిన్నావు, పొద్దున్నే నడవమంటే ఎందుకు నడవలేదు అని ప్రశ్నలు వేస్తారు. మరికొందరు ఇంకో అడుగు ముందుకేసి, ఇది నమాజులో అశ్రద్ధకు పడిన శిక్ష అని తీర్పు కూడా చెప్పేస్తారు. రోగి మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకుంటాడు. రోగం నిజంగా రోగి నేరమేనా?

ఈ ప్రశ్నకు పూర్వపు హకీముల గ్రంథాల్లో ఒక దారి దొరుకుతుంది. వారు మందుకన్నా ముందు ఆరోగ్య రక్షణ గురించి మాట్లాడారు. మనిషి ఆరోగ్యం ఆరు విషయాలపై ఆధారపడి ఉంటుందనీ, బ్రతికినంతకాలం వీటిని ఎవరూ తప్పించుకోలేరనీ చెప్పి, వాటికి ‘అస్బాబె సిత్తా జరూరియా’ అని పేరుపెట్టారు. అవి: గాలి, అన్నపానీయాలు, శరీర శ్రమ, విశ్రాంతి, కోపం, దుఃఖం, భయం, సంతోషం వంటి మనసు కదలికలు, దాని నెమ్మది, నిద్ర, మెలకువ, శరీరం నుండి పోవలసినవి పోవడం, ఉండవలసినవి ఉండటం. ఇబ్నె సీనా (980–1037) తన ‘అల్ ఖానూన్’లో ఆరోగ్య రక్షణకు వ్యాయామాన్ని మొదట, ఆ తర్వాత ఆహారాన్ని, నిద్రను పేర్కొన్నాడు. బగ్దాదుకు చెందిన ఇబ్నె బుత్లాన్ ఈ ఆరింటినీ పట్టికలుగా వేసి ఒక పుస్తకమే వ్రాశాడు.

ధర్మం చెప్పేది కూడా దీనికి దూరం కాదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) పగళ్ళన్నీ ఉపవాసంలో, రాత్రులన్నీ నమాజులో గడుపుతుంటే, శరీరానికీ కంటికీ కూడా అతనిపై హక్కు ఉందని దైవప్రవక్త (స) వారించారు (బుఖారీ). దేహం మన సొత్తు కాదు, అమానతు. చేతిలో ఉన్న అమానతును పాడుచేసుకున్నవాడు జవాబు చెప్పుకోవలసిందే. బీడీ, గుట్కా మానలేనివారు ఇక్కడ ఒక్కక్షణం ఆగి చదవాలి.

అయితే ఆ ఆరింటిని మళ్ళీ చూడండి. ఎన్ని మన చేతిలో ఉన్నాయి? ఇల్లందు దగ్గర 1871లో బొగ్గు బయటపడింది. అప్పటి నుంచి ఈ ప్రాంతంలో ఎన్ని తరాలు గనిలోకి దిగాయో లెక్కలేదు. గనిలో గాలిని కార్మికుడు ఎంచుకోడు. రాత్రి షిఫ్టు పడినవాడి నిద్ర అతని చేతిలో లేదు. అప్పు తీర్చలేని ఇల్లాలికి దుఃఖం మానుకోమని చెప్పడం తేలిక. అల్లాహ్ ఎవరిపైనా శక్తికి మించిన భారం మోపడని ఖుర్ఆన్ చెబుతోంది (అల్ బఖరా: 286). అల్లాహ్ మోపని భారాన్ని పరామర్శకు వచ్చినవాడు మోపడం ఏం న్యాయం?

అల్ రాజీ (925లో మరణించాడు) ఈ తేడాను గుర్తించాడనిపిస్తుంది. రయ్ పాలకుడు మన్సూర్ పేరిట ‘అల్ మన్సూరీ’ అనే గ్రంథం వ్రాశాడు. వైద్యుడు అందుబాటులో లేని సామాన్యుడి కోసం మరో పుస్తకం వ్రాశాడు. ఏలికకు ఒకటి, పేదకు ఒకటి! మన దక్కనులో 1595లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా హైదరాబాదులో దారుష్షిఫా కట్టించాడు. ఆ పేట ఈనాటికీ ఆ పేరుతోనే ఉంది.

భద్రాచలం దాటి దుమ్మగూడెం, చర్ల వైపు అడవి అంచు పల్లెలకు వెళ్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. అక్కడ చలిజ్వరం వానాకాలపు చుట్టం. నిలవ నీరున్న చోట గాలి చెడుతుంది, అక్కడ కాపురముండవద్దని పాత వైద్యులు హెచ్చరించారు. సలహా మంచిదే, కారణమే తప్పు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే చూశాడు. కనుక హకీముల మాటను గౌరవిద్దాం గానీ, వహీ అనుకోవద్దు. ఇక ఒక కోయ రైతు తన ఇంట్లో దోమతెర కట్టుకున్నా ఊరి గుంటలో నీరు అలాగే ఉంటే అతను ఏం చేయగలడు? అది ఊరందరి బాధ్యత. ఇమామ్ గజాలీ (1111లో మరణించారు) వైద్యాన్ని ఫర్జె కిఫాయాగా లెక్కించి, అందరూ ఫిఖహ్ చర్చలకే ఎగబడుతుంటే ఎన్నో పట్టణాల్లో ముస్లిం వైద్యుడే లేడని వాపోయారు. మా మదరసాలవాళ్ళకు ఇప్పటికీ తగిలే మాట అది.

తఖ్దీరు పేరుతో మందు మానేసేవారి సంగతి వేరు. అమవాస్ ప్లేగు కాలంలో హజ్రత్ ఉమర్ (రజి) సర్గ్ నుండి వెనక్కి మరలినప్పుడు హజ్రత్ అబూ ఉబైదా (రజి) అభ్యంతరం చెప్పారు. ఒక విధివ్రాత నుండి మరో విధివ్రాత వైపుకే వెళ్తున్నామని ఉమర్ (రజి) అన్నారు. దీనిపై ఇక వాదన అనవసరం.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరో హదీసు. ప్రయాణంలో ఒకరి తలకు రాయి తగిలి గాయమైంది. అతనికి స్నానం విధి అయింది. తయమ్ముమ్‌కు అనుమతి లేదని తోటివారు చెప్పారు. అతను స్నానం చేసి మరణించాడు. దైవప్రవక్త (స) ఆ చావు బాధ్యతను సలహా ఇచ్చినవారిపైనే పెట్టారు. తెలియనప్పుడు ఎందుకు అడగలేదని మందలించారు (అబూ దావూద్). అంటే ఒక్కోసారి నేరం రోగిది కాదు, సలహాదారుడిది.

ఇన్సులిన్ మీద ఉన్న షుగర్ రోగిని ఎండాకాలపు రమజానులో, ‘ఏమీ కాదు, అల్లాహ్ ఉన్నాడు, రోజా పెట్టు’ అని ప్రోత్సహించేవారు ఈ హదీసును చదవాలి. రోగికి సడలింపు ఇచ్చింది అల్లాహ్ (అల్ బఖరా: 184, 185). కోలుకునేవాడు తర్వాత ఆ రోజాలు పూర్తిచేస్తాడు. కోలుకునే ఆశ లేనివాడు రోజాకొక పేదకు అన్నం పెడతాడు. ఎవరు ఏ కోవకు వస్తారో షాబాను నెలలోనే డాక్టరునూ, ఆలిమునూ ఇద్దరినీ అడిగి తెలుసుకోవాలి. డాక్టరు వద్దన్నారా, ఇక ఆ ఇంటికి ఇఫ్తారు పళ్ళెం తీసుకెళ్ళే పిల్లవాడికి, ‘ఈ ఏడు మీకు రోజా లేదా నానా?’ అని అడగవద్దని ముందే చెప్పి పంపండి.