పరాయి కుంచె, సొంత చూపు

పరాయి ప్రభావం కళకు మైల అని వాదించేవారున్నారు. ఒకప్పుడు నేనూ ఆ మాటే అన్నాను. ఆధునిక కొరియా చిత్రకళా చరిత్ర చదివిన తర్వాత ఆ మాట మీద నిలబడలేకపోతున్నాను.

1910లో జపాన్ సామ్రాజ్యవాదం కొరియాను కబళించింది. తైలవర్ణ చిత్రణం కొరియావారికి ముఖ్యంగా ఆ పాలకుల చేతుల మీదుగానే అందింది. టోక్యో కళాశాలలో ఆ విద్య నేర్చిన మొదటి కొరియా చిత్రకారుడు కో హుయి దోంగ్. 1915లో చదువు ముగించి వచ్చాడు. కొంతకాలానికి నూనెరంగులు వదిలి మళ్లీ సిరాకుంచె పట్టాడు. 1922 నుంచి గవర్నర్ జనరల్ ప్రభుత్వమే చిత్రప్రదర్శనలు జరిపింది. బహుమతి ఇచ్చే చెయ్యీ, సంకెల వేసే చెయ్యీ ఒకటే అయింది.

ఐతే పరాయిదంతా పారవేసి దేశీయతను పట్టుకుంటే సరిపోదా? సరిపోదు. కిమ్ ఉన్ హో సంప్రదాయ రూపచిత్రణలో ఆరితేరినవాడు. కొరియా రాజు రూపాన్ని చిత్రించినవాడు. 1937లో, జపాన్ చైనా మీద యుద్ధం సాగిస్తుండగా, కొరియా స్త్రీలు తమ బంగారు నగలను యుద్ధానికి కానుకగా సమర్పించే దృశ్యాన్ని ఆయనే చిత్రించాడు. శైలి స్వదేశీయే. సేవ ఎవరికి?

ఆ దేశీయతకు అర్థం చెప్పినవారిలోనూ పాలకజాతి మనిషి ఉన్నాడు. జపాన్ మేధావి యనగి మునెయోషి కొరియా కళను నిజంగా ప్రేమించాడు. గ్వాంగ్‌హ్వామున్ ద్వారాన్ని కూల్చరాదని 1922లో రాశాడు. కాని ఆ కళ సారం దుఃఖమేనన్నాడు. బానిసకు కన్నీరే అందమన్నమాట!

ఇక పాక్ సూ గున్ (1914-1965) సంగతి చూడండి. అతను ఏ కళాశాలలోనూ చదవలేదు. బాల్యంలో ఫ్రెంచి చిత్రకారుడు మిలే బొమ్మ చూసి ముగ్ధుడయ్యాడు. యుద్ధం రోజుల్లో అమెరికన్ సైనికుల దుకాణంలో వారి రూపచిత్రాలు గీసి పొట్ట పోసుకున్నాడు. ఐనా అతని పటాల్లో కనిపించేదెవరు? మోడువారిన చెట్ల కింద నెత్తిన గంపలతో నడిచే ఆడవాళ్లు, బజారులో నేల మీద కూర్చుని అమ్ముకునేవాళ్లు. రంగు మీద రంగు పేర్చి రాతి గరుకుతనం సాధించాడు. ఆ రాయి ఫ్రాన్సుది కాదు, కొరియా కొండలది.

అతని పటాలు కొన్నవారిలో విదేశీయులు పలువురు. పటంలోని గంపలమ్మి ఆ పటాన్ని కొనలేదు. ఈ నిజం నన్ను బాధిస్తుంది. కాని ఆ దోషం సమాజానిది. దాన్ని కుంచె మీద మోపలేను.

కాబట్టి విద్య ఎవరి దగ్గర నేర్చావని కళాకారుణ్ణి నేనిక అడగను. దానితో ఎవరిని చూశావు, ఎవరి పక్కన నిలబడి చూశావు అని అడుగుతాను. విద్యను అప్పు తేవడం సిగ్గు కాదు. అప్పిచ్చినవాడి కళ్లతో తనవాళ్లను చూడడమే సిగ్గు.