వాద్యకారుని ఓర్పు

కచేరి ముగిసి యింటికి మరలునపుడు గాయకుని కంఠమును గూర్చియు, వైణికుని వ్రేళ్లను గూర్చియు మనము మాటలాడుకొందుము. మృదంగము వాయించినవాని భుజములను గూర్చి మాటలాడుకొనము. రెండు మూడు గంటలు మఠము వేసికొని కూర్చుండి, కీర్తన వెంట కీర్తనను నడిపించి, తుదకు తని ఆవర్తనమున తన విద్యనంతయు ఒంటరిగా చూపినవాని నడుము నొచ్చుచున్నదా యని యెవరును అడుగరు. ఊరేగింపు ముందు ఎగురుచు డప్పు వాయించి నాలుగు వీధులు తిరిగినవాని మాట యంతకంటెను తక్కువ. అతని శ్రమ మనకు కనబడదు. కనబడినను అది విద్యగా తోపదు. ఈ చూపు న్యాయమైనదా యని విచారించుటయే మా ఉద్దేశము.

బలము వేఱు, కళ వేఱు అను నమ్మకము మనలో పాతుకొని యున్నది. కళ బుద్ధికి సంబంధించినదనియు, బలము మోటుపనికి చెందినదనియు తలంతుము. భరతుని నాట్యశాస్త్రమున ఒక కథ కలదు. స్వాతి యను ముని తామరాకులపై రాలు వానచినుకుల ధ్వనిని విని పుష్కరవాద్యములను కల్పించెనట. కథలో చినుకులకు అలసట లేదు. వాయించు మనుష్యునకు కలదు. నాదము మనస్సునందు పుట్టినను, అది వెలికి వచ్చుటకు మణికట్టు, మోచేయి, భుజము, వెన్నెముక, ఊపిరి అన్నియు పాటుపడవలెను. మూడవ గంటలో చేయి బరువెక్కినచో ఎంతటి లయజ్ఞాని లెక్కయైనను లోపలనే నిలిచిపోవును. కావున ఓర్పు కళకు వెలుపలి వస్తువు కాదు. కళ నిలుచుండు నేల.

ఈ శ్రమను కొలిచి చూచినవారును గలరు. ఇంగ్లండునందలి రెండు విశ్వవిద్యాలయముల పరిశోధకులు క్లెమ్ బర్క్ అను డ్రమ్ముల వాద్యకారుని దేహమును ఏండ్ల తరబడి పరీక్షించి, 2008లో తమ ఫలితములను ప్రకటించిరి. కచేరి సమయమున అతని గుండె నిమిషమునకు 140 మొదలు 150 సారులు కొట్టుకొనుచు, ఒక్కొక్కప్పుడు 190 వఱకును పోయినదట. ఇది ఉత్తమశ్రేణి ఆటగాండ్ర గుండెకు తీసిపోని వేగము. ఆ వాద్యము వేఱు, మన వాద్యములు వేఱు; ఆ అంకెలను మన మృదంగమునకు అంటగట్టరాదు. కాని వాయించుట దేహమంతటి పని యను సత్యము ఏ దేశమునకైనను ఒక్కటే.

ఇట్టి దార్ఢ్యము పుట్టుకతో వచ్చునా? రాదు. అది కూడబెట్టు ధనము వంటిది. దానికి మొదటి సాధనము నిదానము. పాఠమును మొదటి కాలమున తప్పులేక పలికించిన పిదపనే రెండవ కాలమునకు, మూడవ కాలమునకు పోవలెనని మన గురువులు నియమించిరి. ఇందు లయధర్మమే కాక దేహధర్మమును ఇమిడి యున్నది. తొందరపడు విద్యార్థి వ్రేలితో చేయవలసిన పనిని భుజముతో చేయును; అర్ధగంటలో అలసిపోవును. నిదానముగా సాధించువాడు ఏ దెబ్బకు ఎంత బలము చాలునో తెలిసికొని, మిగిలినదానిని దాచుకొనును. ఓర్పన బలము హెచ్చించుట మాత్రమే కాదు, బలమును వృథాచేయకుండుటయు.

రెండవది సడలింపు. బిగబట్టిన కండ తన నడుమనున్న రక్తనాళములను తానే నొక్కుకొనును. రక్తము చక్కగా పాఱక త్వరగా బడలును. బిగించి కట్టిన చర్మము, దెబ్బ తగిలినంతనే చేతిని తానే పైకి ఎగురవైచును. ఆ తిరుగుదెబ్బను వాడుకొన్నవానికి సగము శ్రమ తగ్గును. దానిని అణచిపెట్టువాడు రెట్టింపు శ్రమపడును. ఊపిరి బిగబట్టుటయు ఇట్టి దోషమే. కష్టమైన ముక్తాయింపు వచ్చునపుడు శ్వాసను ఆపువాడు, ఆ ముక్తాయింపు ముగియగనే రొప్పవలసి వచ్చును.

మూడవదియు ముఖ్యమైనదియు విశ్రాంతి. కండ పనిచేయుచుండగా బలపడదు. పని పిమ్మట, అన్నము, నిద్ర దొరికినపుడు బలపడును. కండను ఎముకకు పట్టియుంచు స్నాయువు అంతకంటె మెల్లగా దృఢమగును. నేడు అర్ధగంట వాయించి రేపు మూడు గంటలు వాయింప సాహసించువాని చేయి చెడుట ఇందువలననే. బడలిక వేఱు, పోటు వేఱు. బడలిక అభ్యాసమునకు చెలికాడు. ఒకనాటి నిద్రతో తీరును. మణికట్టున సూదిపోటు, వ్రేళ్లయందు తిమ్మిరి పుట్టినచో అది హెచ్చరిక. దానిని లెక్కింపకుండుట ధైర్యము కాదు, అజ్ఞానము.

ఇక్కడ ఒక ఆక్షేపణ కలదు. "వ్రేళ్లనుండి రక్తము కాఱనిదే విద్య రాదు, పూర్వులు అట్లే నేర్చిరి" అని పలువురందురు. అట్లు నేర్చి పేరుపొందినవారిని మనమెఱుగుదుము. అట్లే నేర్వబోయి చేతులు పాడుచేసికొని వాద్యమును విడిచినవారిని లెక్కించినవారు లేరు. కుమారసంభవమున బ్రహ్మచారి వేషమున వచ్చిన శివునిచేత కాళిదాసు పార్వతి నడిగించిన కుశలప్రశ్నలలో, ఆమె తన శక్తికి మించక తపస్సు చేయుచున్నదా యనునది యొకటి. తపస్సును మెచ్చినవాడే దేహమును గూర్చి అడిగెను. శిష్యుని చేతిని చూడని గురువు ఈ ప్రశ్నను మఱచినవాడు.

ఇంతవఱకు చెప్పినది స్వేచ్ఛగా నేర్చువాని మాట. ఇక డప్పు మాటకు వత్తము. డప్పు కొట్టువాడు కూర్చుండడు. కొయ్యచట్రమునకు తోలు బిగించిన వాద్యమును భుజమున వ్రేలాడవైచుకొని, ఒక చేత సన్నని పుల్లను, ఒక చేత లావుపాటి చిర్రను పట్టి, నడచుచు, వంగుచు, ఎగురుచు వాయించును. తోలు చల్లబడి వదులైనపుడు మంట చుట్టు చేరి కాచుకొందురు. ఆ కొంచెముసేపే తోలునకు బిగువు, మనుష్యునకు విశ్రాంతి. పైని చెప్పిన నిదానము, సడలింపు, విశ్రాంతి యను మూడు ధర్మములును ఏ శాస్త్రము చదువకయే తండ్రినుండి కొడుకునకు వచ్చుచున్నవి. అయినను మృదంగకారుని ఓర్పును సాధన యందుము. డప్పు వాయించువాని ఓర్పును మోటుతన మందుము. మృదంగమునకును మూతలు తోలువే. వానిని సిద్ధపఱచువారు ఏ కులములవారో, వారి శ్రమకు ఏపాటి గౌరవము దక్కినదో టి. ఎమ్. కృష్ణ 2020లో ప్రకటించిన గ్రంథమున విపులముగా చర్చించిరి. తోలు ఒక్కటే, తాళము ఒక్కటే. భేదము మన కన్నులలో నున్నది.

అంతకంటె పెద్ద దోషము మఱియొకటి. మన పల్లెలలో తరతరములుగా మాదిగలు చావునకు, జాతరకు, చాటింపునకు డప్పు కొట్టవలసినవారని కట్టుబాటు నడచినది. రమ్మన్నపుడు రావలెను, చాలునన్నపుడు ఆపవలెను, ఇచ్చినది పుచ్చుకొనవలెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిచాకిరిని నిషేధించినది. కాని కట్టుబాటు కాగితమును చూచి పోవునది కాదు. ఆ డప్పునే తమ ఆత్మగౌరవమునకు గుర్తుగా ఎత్తుకొని, 1994లో ప్రకాశము జిల్లా ఈదుముడిలో మాదిగలు పోరాటసమితిని స్థాపించుకొనిరి. ఆ యుద్యమమునకు దండోరా యనియే పేరు వచ్చినది. ఒకరి యాజ్ఞను చాటుటకు మ్రోగిన వాద్యము తమ మాటను చాటుటకు మ్రోగినది.

మా విచారమున తేలిన సారమిది: వాద్యమును దించు హక్కు గలవాని ఓర్పే ఓర్పు. దించు హక్కు లేనివాడు ఎంతసేపు వాయించినను అది సహింపవలసి వచ్చిన బాధయే. మనము దానిని చూచి "ఎంత దమ్మో!" యని మెచ్చుకొనుట, బండిలాగు ఎద్దును మెచ్చుకొనుట వంటిది.

స్త్రీలకు ఈ చేవ చాలదను మాటయు ఇట్టిదే. తెలుగు మృదంగ విదుషీమణి దండమూడి సుమతీ రామమోహనరావు గారికి 2021లో పద్మశ్రీ వచ్చినది. మఱుసటి యేట కోయల డోలు కళాకారులును, 2024లో కీర్తిశేషులునైన సకిని రామచంద్రయ్య గారికి అదే గౌరవము లభించినది. చేవ యాడదా, మగవాడా యని చూడదు. ఊరా, అడవియా యనియు చూడదు. అభ్యాసమును, అవకాశమును మాత్రమే చూచును.

బిరుదులిచ్చుట ప్రభుత్వముల పని. గృహస్థులమైన మనకును పని కలదు. పెండ్లికైనను, చావునకైనను వాద్యకారులను పిలిచినపుడు ఎన్ని గంటలో, ఎంత కూలియో ముందే మాటాడుకొందము. నడుమ కూర్చుండుటకు చోటును, త్రాగుటకు నీటిని, అందఱును తిను పంక్తిలోనే అన్నమును ఏర్పఱుపుదము. "ఇంక నొక్కటి" యని చీకటిపడువఱకు లాగకుందము. మన పిల్లలు మృదంగమేకాక డప్పును నేర్వగోరినచో, ఆ విద్య తెలిసినవారిని గురువులుగా ఇంటికి పిలిచి, పీట వేసి, జీతమిచ్చి నేర్పింతము. వాద్యకారుడు చేయి విదిలించుకొని వాద్యమును క్రిందికి దించినపుడు, ఎందుకాపితివని యడుగక మంచినీళ్లు అందించు నాడు, ఆ శ్రమను విద్యగా చూడ నేర్చితిమని చెప్పుకొనవచ్చును.