పాత బండి, క్రొత్త భాగములు

రథమునకు చక్రములు మార్చినచో అది వెనుకటి రథమేనా యను ప్రశ్న మనకు క్రొత్తది కాదు. పాళీ భాషలోని మిలిందపన్హ యను గ్రంథమున యవనరాజగు మిలిందుని నాగసేన భిక్షువు ఇట్లే నిలదీసెను. ఇరుసు రథమా? కాదు. చక్రములా? కావు. అన్నియు విడదీసి కుప్పవేసిన, ఆ కుప్పయు రథము కాదు. మఱి రాజు ఎక్కి వచ్చిన రథ మేది? గ్రీకులును థీసియసు నావకు చివికిన పలకల నొక్కొక్కటిగా మార్చుచు ఇట్టి వాదములోనికే దిగిరని ప్లూటార్కు వ్రాసియున్నాడు. ఇంతటి ప్రశ్న కోలారు బంగారు గనుల ఊరిలో, మా పెరటి రేకుల కొట్టమున నా యెదుట నిలుచునని నేననుకొనలేదు.

మా నాయనగారు రాబర్ట్‌సన్‌పేటలో ధాన్యపు వ్యాపారము చేయుచుండిరి. 1974లో వారు కొనిన జీపు మా కుటుంబమున ఒక మనిషి వంటిది. విల్లీసు కంపెనీ నమూనాపై మహీంద్రావారు మన దేశమున తయారుచేసిన సీజే-3బి అది. దాని ముందు మూత ఎత్తుగా నుండును. అది అందమునకు పెట్టినది కాదు. హరికేన్ అను ఆ ఇంజనులో గాలియు పెట్రోలును లోనికి పోవు వాల్వులు పైభాగమున నుండుటచే ఇంజను ఎత్తు పెరిగినది. దానితో మూతయు పెరుగక తప్పలేదు. ముళబాగిలు నుండి రాగుల మూటలు, శ్రీనివాసపురము నుండి మామిడి గంపలు మోసినది ఆ బండియే. నడిరేయి నొప్పులు పడు ఇల్లాండ్రను ఆసుపత్రికి చేర్చినదియు నదియే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను. ఊరిలో బేరము సన్నగిల్లెను. జీపు కొట్టము చేరెను.

ఉద్యోగము విరమించి ఇల్లు చేరిన పిమ్మట దానిని మరల నడపవలెనని నాకు బుద్ధి పుట్టినది. బేతమంగళ చెరువు దాపున మట్టిదారులలోను పోవలెను. నంగలి మీదుగా పలమనేరు చేరు పెద్దరోడ్డు మీదను పోవలెను. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. ఈ రకపు జీపునకు ఇరుసు నిష్పత్తి 5.38. అనగా చక్రము ఒక్కసారి తిరుగుటకు ప్రొపెల్లరు షాఫ్టు అయిదుసార్లకు పైగా తిరుగవలెను. బండరాళ్లపై మెల్లగా ప్రాకుటకు అది వరము. రహదారి మీద గంటకు 70 కిలోమీటర్లు పోవలెనన్న ఇంజను గోలపెట్టును. డీజిలు ఇంజను దింపుమని చెప్పినవారు కొందఱు. గేరుపెట్టెకు ఓవర్‌డ్రైవు తగిలింపుమనిన వారు మఱికొందఱు.

బెంగళూరిలో నున్న మా తమ్ముడు వేఱు మాట చెప్పెను. "అన్నా, ఒక్క బోల్టు గూడ మార్చవద్దు. అది నాయన చేయి తాకిన బండి" అనెను. వాని మాట ఒట్టి మమకారము కాదు. ఇట్టి జీపులలో పెక్కింటిని కోసి, అతికి, ఉబ్బిన టైర్లు తొడిగి ఆనవాలు లేకుండ చేసినారు. చెక్కు చెదరనివి అరుదు. 2021లో కేంద్ర ప్రభుత్వము పురాతన వాహనములకై నియమములు చేసినది. మొదటి రిజిస్ట్రేషను నుండి 50 సంవత్సరములు దాటి, చట్రము, పైకట్టడము, ఇంజను ముఖ్యమైన మార్పు లేక యున్న బండికి ఆ గౌరవము దక్కును. అయితే దానిని నిత్యము రోడ్డుపై నడపరాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు మాత్రమే తీయవలెను. నాగసేనుని ప్రశ్నకు చట్టము చెప్పిన జవాబిది: మారకుండిన అదే బండి, కాని కదలరాదు. నాకీ జవాబు రుచింపలేదు. మా కోలారు తెలుగులో కన్నడ, తమిళ పదములు చేరినవని పలమనేరు బంధువులు నవ్వుదురు. ఆ మాటలతోనే మేము నేటికిని బిడ్డలను జోకొట్టుచున్నాము.

అట్లని ఏది మార్చినను తప్పులేదని నేననను. నన్ను తేల్చినది బ్రేకుల సంగతి. పాత అమరికలో నాలుగు చక్రముల బ్రేకులకును ఒకే నూనె మార్గము. ఒకచోట కారినచో నాలుగును పోవును. నీటిలో దిగి లేచిన డ్రమ్ములు కొంతసేపు పట్టనే పట్టవు. మట్టిదారిలో ఇది నా యొక్కని ముప్పు. తగ్గించిన గేరులో నడక వేగముననే పోవుదును గదా. రహదారిపై ముందు పోవు మోటారు సైకిలు మీద ఎవరి బిడ్డలుందురో! మా నాయనగారి జ్ఞాపకము నిలుపుటకై వారి ప్రాణమును పణముగా ఒడ్డు అధికారము నాకెవరిచ్చిరి?

బండి విప్పిన మేస్త్రి వెనుక గని వర్కుషాపులో ఫిట్టరు. నా తటపటాయింపు చూచి, "సామీ, చాంపియన్ రీఫులో మూడు వేల మీటర్లు దిగుతా ఉంటిమి. కేజి తాడు పాతదని ఎవురన్నా ముద్దు పెట్టుకుంటిరా? నాళ్లు తీరితే మారస్తా ఉండ్రి. గని మాత్రం అదే గనే కదా" అనెను. ప్లూటార్కు కంటె అతని మాట నాకు దగ్గఱగా తోచినది.

రవాణా శాఖవారి వ్రాతపూర్వకమైన అనుమతి పొందిన పిదపనే, అదే కంపెనీ తరువాతి బండ్లకు అమర్చిన తరహా డిస్కు బ్రేకులు ముందు చక్రములకు వేయించితిని. ముందు వెనుకలకు వేర్వేఱు నూనె మార్గములు, నడుము పట్టీలు చేరినవి. ఇంజను మార్చలేదు, సిలిండర్లు బోరు చేయించి అదే నిలిపితిని. ఇరుసు జోలికిని పోలేదు. 60 దాటక రోడ్డుకు ఎడమ ప్రక్కగా పోయిన ఎవరికిని హాని లేదు; ఆలస్యమగుట నాకు మాత్రమే. సైనైడు దిబ్బల మీదికి బండి నెక్కింపుమని కుఱ్ఱవాండ్రు అడిగిరి. ఒప్పుకొనలేదు. ఆ దుమ్ము లేచి పడునది మా ఇరుగు పొరుగు ఇండ్లమీదనే.

మార్చిన ప్రతి భాగమును తేదీతో ఒక నోటుపుస్తకమున వ్రాసి ఆర్సీ పుస్తకముతో నుంచితిని. రేపెవరైన కొన్నచో ఇది 1974 నాటి బండి అచ్చముగా అని నమ్మి మోసపోరాదు. బండి మార్చుటకంటె మార్చినది దాచుట పెద్ద తప్పని నా అభిప్రాయము.

తమ్ముడు మూడు నెలలు నాతో సరిగా మాటాడలేదు. ఉగాదికి వచ్చి, కొట్టములో నూనె పూసి గోనె కప్పియున్న పాత డ్రమ్ములను చూచెను. తన కిమ్మని అడిగెను. నేనింకను ఇయ్యలేదు.