ఫ్యూజ్ ఎవరు?

కారు బ్యాటరీ మార్చేటప్పుడు ఎర్ర కేబుల్ మైనస్‌కీ, నల్ల కేబుల్ ప్లస్‌కీ తగిలించడానికి ఒక్క క్షణం చాలు. చిన్న మెరుపు, టప్‌మని ఒక చప్పుడు. వెంటనే గుర్తించి కేబుళ్ళు సరిగ్గా బిగించినా బండి అప్పటికే మూగబోయి ఉంటుంది. తాళం తిప్పితే చాలాసార్లు డాష్‌బోర్డ్ మీద లైటు కూడా రాదు. ఈ ఒక్క క్షణాన్ని ఏ తూకంతో తూచాలి అన్నది నా ప్రశ్న. వినడానికి నవ్వొస్తుంది గానీ, అందులో ఒక పాత చిక్కుముడి ఉంది.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లో డయోడ్‌లు ఉంటాయి. అవి కరెంటుని ఒకవైపే పోనిచ్చే తలుపులు. మామూలుగా అయితే బ్యాటరీ కరెంటు వెనక్కి రాకుండా ఆపుతాయి. కేబుళ్ళు తిరగబడితే అవే తలుపులు బార్లా తెరుచుకుంటాయి. అడ్డూ ఆపూ లేకుండా వందల ఆంపియర్లు పారతాయి. ఆ దారిలో మెయిన్ ఫ్యూజ్ ఉంటుంది, చాలా కార్లలో 80 నుంచి 120 ఆంపియర్లది. అది కరిగిపోయి దారి తెంచేస్తుంది. అదృష్టం బాగుంటే కథ అక్కడితో సరి, కొత్త ఫ్యూజ్ వేస్తే బండి కదులుతుంది. బాగాలేకపోతే ఫ్యూజ్ కరిగేలోపే డయోడ్‌లు పోతాయి, ఇంజిన్‌ని నడిపించే ఈసీయూ కూడా పోవచ్చు. మొదటిదానికి బిల్లు వందల్లో తేలిపోతుంది, రెండోది వేలల్లోకి వెళ్తుంది.

ఇప్పుడు ఇద్దరు మనుషుల్ని ఊహించుకోండి. అలాంటి చీకటి సెల్లార్‌లోనే, అంతే తొందరలో, ఇద్దరూ ఒకే తప్పు చేశారు. ఒకరికి ఫ్యూజ్ పోయింది, ఇంకొకరికి ఈసీయూ పోయింది. మొదటివాడితో "పోనీలే, అందరికీ అవుతుంది" అంటాం. రెండోవాడితో "ఆ మాత్రం చూసుకోవద్దా?" అంటాం. చేతులు చేసిన పని ఒకటే. తేడా అంతా వాళ్ళ చేతుల్లో లేనిది.

దీన్నే తత్వశాస్త్రంలో 'మోరల్ లక్' అంటారు. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ దీని మీద రాసిన జంట వ్యాసాలతో ఈ మాట స్థిరపడింది. నేగెల్ చెప్పే లారీ డ్రైవర్ బ్రేకులు చెక్ చేయించుకోలేదు. రోడ్డుకి అడ్డంగా పిల్లాడు రాకపోతే అతను కాస్త అజాగ్రత్త మనిషి, అంతే. వస్తే జీవితాంతం దోషి. ఫలితం ఎలా ఉన్నా మంచి సంకల్పం విలువ తగ్గదని కాంట్ 1785లోనే వాదించాడు. ఫలితం మన చేతుల్లో లేదని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు గీత పేరు చెప్పి ఎన్నిసార్లు అనలేదు! అయినా రోజువారీ జీవితంలో తప్పుని మనం బిల్లుతోనే కొలుస్తాం.

విలియమ్స్ ఇంకో సంగతి పట్టుకున్నాడు. తన తప్పేమీ లేకుండానే ఒక పిల్లాడి చావుకి కారణమైన డ్రైవర్‌ది పక్కన నిలబడి చూసినవాళ్ళ బాధలాంటిది కాదు. ఆ పని జరిగింది తన చేతుల మీదుగా. అతన్ని ఓదార్చడం మన ధర్మం. కానీ ఆ ఓదార్పుని అతను మరీ సులువుగా ఒప్పేసుకుంటే మనకే ఏదో అనుమానం వస్తుంది. అంటే మనం వేలెత్తి చూపకముందే, చేసినవాడి లోపల ఒక లెక్క మొదలయ్యే ఉంటుంది.

ఈ వాదాన్ని గ్యారేజీ దాకా తీసుకెళ్దాం. మెకానిక్ మొదట అడిగేది "ఏం చేశారు సార్?" అని. "కేబుళ్ళు తిరగేశాం" అని చెబితే అతని దారి సూటిగా ఉంటుంది. బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉందా? మెయిన్ ఫ్యూజ్‌కి మీటర్ పెడితే బీప్ వస్తోందా? ఆ తర్వాత ఈసీయూ ఫ్యూజ్. కొత్త ఫ్యూజ్ కూడా వేసిన వెంటనే పోతే ఆల్టర్నేటర్ వైరు విప్పి చూడాలి. స్టార్టయ్యాక 14 వోల్టుల చుట్టుపక్కల చూపిస్తే ఊపిరి పీల్చుకోవచ్చు. అదే "ఏం చేయలేదు, రాత్రి బాగానే ఉంది" అంటే? స్టార్టర్ విప్పుతాడు, ఇగ్నిషన్ స్విచ్ చూస్తాడు, ఫ్యూయల్ పంప్‌ని అనుమానిస్తాడు. రోజంతా పోతుంది.

ఏ భాగం కాలిపోతుందో అదృష్టం చేతిలో ఉంది. జరిగింది చెప్పడం మాత్రం మన చేతిలో ఉంది. కాబట్టి నైతికంగా బరువంతా కేబుల్ తిరగేసిన క్షణం మీద కాకుండా, ఆ తర్వాత నోరు విప్పే క్షణం మీద ఉండాలని నాకనిపిస్తుంది.

అయితే ఈ లెక్క అందరికీ ఒకేలా పనిచేయదు. కారు ఓనర్ నిజం చెప్పేయగలడు, పోయేది కాస్త పరువే. అదే గ్యారేజీలో కొత్తగా చేరిన కుర్రాడైతే? "అన్నా, తిప్పి పెట్టిన" అని ఒప్పుకుంటే ఈ నెల జీతంలో ఎంత కోస్తారో వాడికి తెలీదు. అదే నిజం, ఖరీదు మాత్రం వేరు. వాడు దాస్తే అది అబద్ధమే, కాదనను. కానీ చెప్పినవాణ్ణి శిక్షించే చోట ఆ అబద్ధంలో సగం వాటా శిక్షించేవాడిది.

అసలు తప్పు కేబుల్ పట్టుకున్న చేతిలోనే ఉందా? చాలా బ్యాటరీల్లో ప్లస్ పోస్ట్ మైనస్ కంటే కాస్త లావుగా ఉంటుంది. ఎవరో ఒకరు పొరపడతారని ముందే ఊహించి చేసిన ఏర్పాటు అది. కానీ క్లాంప్ వదులైతే ఆ తేడా తెలీదు. పైగా ఒకే సైజు బ్యాటరీ ఎల్, ఆర్ అని రెండు రకాలుగా దొరుకుతుంది. రకం మారితే ప్లస్ ఉండాల్సిన వైపు మైనస్ వస్తుంది, చెయ్యేమో పాత అలవాటు ప్రకారమే పోతుంది. జపాన్‌లో షిగియో షింగో ఇలాంటి పొరపాట్లు జరగనివ్వని పద్ధతులకి మొదట 'బాకా-యోకే' అన్నాడు. అంటే మూర్ఖుల్ని కాచుకోవడం. ఆ మాటకి ఒక కార్మికురాలు బాధపడటంతో 1960లలో దాన్ని 'పోకా-యోకే'గా మార్చాడు. అంటే పొరపాటుని కాచుకోవడం. మనిషి మీద పడ్డ ముద్రని తీసి, జరిగిన పని మీద పెట్టాడు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం ఈ పాఠం నేర్చుకున్నామని చెప్పుకుంటాం. సర్వర్ పడిపోయాక 'బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్' రాస్తాం, అందులో పేర్లుండవు. అప్రైజల్ నాటికి ఆ పేరు మాత్రం అందరికీ గుర్తుంటుంది. మేం రోజూ వాడే గిట్‌లో ఏ లైను ఎవరు మార్చారో చూపించే కమాండ్ పేరే 'బ్లేమ్'!

ఫ్యూజ్‌ని కాలిపోవడానికే తయారుచేస్తారు. మిగతావన్నీ బతకాలని అది పోతుంది, కొత్తది వేస్తాం. అందులో అన్యాయం లేదు, అది లోహం ముక్క. కానీ ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగినో, ఇంట్లో డ్రైవర్‌నో, గ్యారేజీలో కుర్రాణ్ణో ఆ చోట బిగిస్తాం. ఒకరు పోతే ఇంకొకరు దొరుకుతారు. దారి తెగింది కాబట్టి కరెంటు ఎటునుంచి వచ్చిందని ఎవరూ వెతకరు. అలాగని ఫ్యూజ్ తీసేసి రాగి తీగ చుట్టేయమని నేననట్లేదు. ఎవరికీ ఏ బాధ్యతా లేని చోట ఈసారి వైరింగ్ మొత్తం అంటుకుంటుంది. పోయిన ఫ్యూజ్ డబ్బులు ఎవరో ఒకరు కట్టాల్సిందే. ఆ కట్టేది తట్టుకోగలిగినవాళ్ళయితే, చెప్పాల్సినవాడికి నోరు పెగులుతుంది.

బండి స్టార్ట్ కానప్పుడు మన నోట్లోంచి ముందుగా వచ్చేది "ఎవడు ముట్టుకున్నాడు?" అన్న ప్రశ్నే. దాని బదులు "ఏం ముట్టుకున్నారు?" అని అడిగి చూడండి. జవాబు తొందరగా వస్తుంది, నిజం అయ్యే అవకాశమూ ఎక్కువ.