కప్ప ఒకచోట, మీటరు ఒకచోట

అనగనగా టెక్సస్‌లో, డల్లాస్‌కి ఉత్తరాన ఉన్న ప్లేనోలో ఒక తండ్రీ కూతురూ ఉండేవారు. తండ్రిది రోజంతా కంపెనీ సర్వర్లను కనిపెట్టుకుని ఉండే ఉద్యోగం. ఏది వేడెక్కిందో, ఏది మొరాయిస్తోందో తెర మీది అంకెలు చూసి చెప్పేయగలడు. కూతురు మూడో తరగతి. కుక్కపిల్ల కావాలని చాలాకాలం పోరు పెట్టింది. తల్లికి కుక్క బొచ్చు పడదని తేలాక కప్ప దగ్గర రాజీ పడింది.

వాళ్లు తెచ్చుకున్నది ఆస్ట్రేలియా ఆకుపచ్చ చెట్టు కప్ప. అడవిలో పట్టింది కాదు, అమెరికాలోనే పెంపకందార్ల దగ్గర పుట్టింది. బొద్దుగా, ఎప్పుడూ ఏదో తలుచుకుని నవ్వుకుంటున్నట్టు ఉండే దాని మొహం చూసి పిల్ల ‘బూరె’ అని పేరు పెట్టింది.

తండ్రి ఏ పనీ సగంలో వదిలే రకం కాదు. చెట్టు కప్పకు వెడల్పు కన్నా ఎత్తు ముఖ్యమని తెలుసుకుని, అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తున్న గాజు పెట్టె కొన్నాడు. అడుగున మట్టి గుళికలు, వాటి మీద జాలీ గుడ్డ, ఆ పైన కొబ్బరి పొట్టు, నాచు. గులకరాళ్ల జోలికి పోలేదు. పురుగుతో పాటు రాయిని కూడా మింగితే కప్ప పేగుకు అడ్డం పడుతుంది. ఎక్కడానికి బెరడు ముక్కలు, దాక్కోవడానికి మనీ ప్లాంటు తీగ, కూర్చోవడానికి లోతు లేని నీళ్ల పళ్లెం అమర్చాడు. వేడి 75, 85 ఫారెన్‌హీట్ డిగ్రీల మధ్య ఉండేలా జాలీ మూత మీద దీపం పెట్టాడు.

నీళ్ల సంగతి ఊళ్లో ఉన్న తన తల్లిని ఫోన్‌లో అడిగితే, “రాత్రంతా బిందెలో ఉంచి పొయ్యరా, మందు వాసన పోతుంది” అంది. క్లోరిన్ అయితే ఆవిడ చెప్పినట్టే పోతుంది. ప్లేనో కుళాయిల్లో ఏడాదిలో ఎక్కువ నెలలు వచ్చేది క్లోరమిన్. అది అంత తేలిగ్గా వదలదు. అందుకని నీళ్లను శుద్ధి చేసే చుక్కల మందు కలిపాడు. కప్ప నోటితో నీళ్లు తాగదు, పొట్ట కింది చర్మంతో పీల్చుకుంటుంది. నీళ్లలో ఏది ఉంటే అది ఒంట్లోకి పోతుంది, మన చేతులకున్న సబ్బూ లోషనూ కూడా. ఇక్కడిదాకా అతని పనికి వంక పెట్టడానికి లేదు.

వచ్చిన చిక్కల్లా తేమతోనే. తేమ 50 నుంచి 60 శాతం ఉండాలని చదివాడు. ఫోన్‌కి అంకెలు పంపే మీటరు తెచ్చి, వైరు అందడానికి వీలుగా ఉందని మూత కింద, దీపం పక్కన తగిలించాడు. 38 చూపించింది. సన్నటి తుంపర కొట్టే యంత్రం పెట్టాడు. గంటకోసారి కొట్టిస్తే 45కి వచ్చింది. అరగంటకోసారి కొట్టించాడు. 57! ఫోన్‌లో గీత పచ్చగా, తిన్నగా సాగిపోతోంది. ఇక ఆ పెట్టె సంగతి మర్చిపోవచ్చనుకున్నాడు.

కూతురికి ఫోన్ ఇవ్వరు. ఆ పిల్ల పడుకునే ముందు ఒక పుస్తకంలో డబ్బా గీసి, బూరె ఎక్కడ కూర్చుందో అక్కడ చుక్క పెట్టేది. మొదట్లో చుక్కలు పళ్లెంలో, ఆకుల మధ్య, బెరడు మీద చెల్లాచెదురుగా ఉండేవి. రాను రాను అన్నీ పై మూలకే చేరాయి.

“నాన్నా, బూరె కిందకి రావట్లేదు.”

“చెట్టు కప్ప కదా తల్లీ, పైనే ఉంటుంది.”

“ముందు వచ్చేది కదా మరి?”

“ఇదిగో చూడు, 57. అంతా బాగానే ఉంది.”

తర్వాత బూరె పురుగులు ముట్టడం మానేసింది. పొట్ట కింద ఎర్రగా కమిలింది. కప్పల్ని చూసే పశువైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లారు. తండ్రి ఫోన్ తీసి గీతలన్నీ చూపించాడు. ఆవిడ మర్యాదగా చూసి ఒక్కటే అడిగింది: “ఈ మీటరు ఎక్కడ పెట్టారు?”

“మూత దగ్గర, దీపం పక్కన,” అంది పిల్ల. అంటూనే తన పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ ఫోన్ కన్నా ఆ పుస్తకాన్నే ఎక్కువసేపు చూసింది.

దీపం వేడికి గాలి ఆరిపోయి, జాలీలోంచి బయటికి పోతుంటుంది. పెట్టె మొత్తంలో అంత పొడిచోటు ఇంకోటి లేదు. అక్కడ 57 కనిపించాలంటే కింద చిత్తడి కావాల్సిందే. మట్టి గుళికల్లో నిలిచిన నీళ్లు కొబ్బరి పొట్టులోకి ఎక్కాయి, నాచు కుళ్లింది, ఆ కుళ్లులో పెరిగిన సూక్ష్మజీవులు కప్ప చర్మానికి పట్టాయి. బూరె పైకెక్కింది సరదాకి కాదు, అక్కడ తప్ప దానికి ఆరిన చోటు లేదు.

మందు పూర్తయ్యేదాకా బూరెను తడి టిష్యూ కాగితం పరిచిన ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి, రోజూ కాగితం మార్చారు. ఈలోగా తండ్రి పెట్టెను అడుగంటా తోడి మళ్లీ పేర్చాడు. జాలీ మూతను సగం గాజుపలకతో కప్పాడు. తుంపర పొద్దున్నొకసారి, దీపం ఆర్పే వేళ ఒకసారి. మధ్యాహ్నానికి ఆకులు ఆరాలి. మీటరును బూరె పగలు నిద్రపోయే బెరడు వెనక్కి మార్చాడు. ఆకులు అలా ఆరినా బూరెకు ఇబ్బంది లేదు. దాని జాతి ఉత్తర ఆస్ట్రేలియాలో ఏడాదిలో నెలల తరబడి వాన లేని చోట్ల కూడా చెట్టు తొర్రల్లో నెట్టుకొస్తుంది. దాని ఒంటి మీది మైనం లాంటి పూత తేమను పట్టి ఉంచుతుంది. మన ఊళ్లలో స్నానాలగది గోడకు అంటుకుని, పగలంతా కాళ్లు ముడుచుకుని కూర్చునే చెట్టు కప్పను చూసినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు.

కొన్నాళ్లకు పుస్తకంలో చుక్కలు మళ్లీ చెదిరాయి.

నీతి: మీటరు అబద్ధం చెప్పదు, తానున్న చోటి సంగతి చెబుతుంది. బతికే ప్రాణి ఇంకోచోట ఉంటే ఆ నిజం దానికి పనికిరాదు.

అయితే కొలతలు కట్టిపెట్టి కళ్లను నమ్ముకోమని ఈ కథకు అర్థం చెప్పేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఎండాకాలం ఏసీ, చలికాలం హీటరు నడిచే ఆ ఇంట్లో మీటరు లేకపోతే తేమ ఎప్పుడు పడిపోయిందో తెలియదు. పిల్ల పెట్టిన చుక్కలూ కొలతే. కాకపోతే ఆమె కొలిచింది కప్పను, అతను కొలిచింది మూతను. ర్యాంకుల మెసేజ్ ఫోన్‌కి రాగానే స్థిమితపడి, హాస్టల్లో పిల్లవాడు రాత్రిళ్లు ఏ మూల కూర్చుంటున్నాడో అడగని ఇళ్లు మనకూ ఉన్నాయి.

ఇది చదివి కప్పను తెచ్చుకోవాలనిపించినవాళ్లకు ఇంకో సంగతి. ఈ జాతి సరిగ్గా చూసుకుంటే పదిహేనేళ్లు దాటి బతుకుతుంది. మూడో తరగతి పిల్ల కాలేజీకి వెళ్లిపోతుంది. ఆ తర్వాత పురుగులకు కాల్షియం పొడి అద్ది, చీకటి పడ్డాక మేత వేసే పని తండ్రిదే.